పాటకు పర్వానా

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పిన సామెతకు ఈ కాలమున మూడవ మాట యొకటి చేర్చవలసి వచ్చినది: ఊరి నడుమ పాటకచేరి పెట్టి చూడు. జగిత్యాలలో గాని, కోరుట్లలో గాని, సిరిసిల్లలో గాని నలుగురు యువకులు కూడి ఒక సాయంకాలము మైదానమున సంగీతసభ జరుప సంకల్పించిరనుకొందము. స్థలమునకు పురపాలక సంఘమువారి సమ్మతి కావలెను. మైకునకు పోలీసువారి సమ్మతి కావలెను. దీపములకు విద్యుచ్ఛాఖవారిని ఆశ్రయింపవలెను. పందిరి పెద్దదైనచో అగ్నిమాపక శాఖవారి మాటయు వినవలెను. ఒక కార్యాలయమువారు పొరుగు కార్యాలయపు కాగితము తెమ్మందురు. ఆ పొరుగువారు మొదటివారి కాగితము తెమ్మందురు. ఈ రాకపోకలలో యువకుల యుత్సాహము సగము చల్లారును.

అదే వీధిలో మరునాటి రాత్రి పెండ్లి ఊరేగింపు ఒకటి బయలుదేరును. బండిపై ఇంటి గోడయెత్తు సౌండు బాక్సులు పేర్చబడి యుండును. కిటికీ రెక్కలు గడగడ వణకును. తొట్టెలోని శిశువు ఉలికిపడి ఏడ్చును. పరీక్షకు చదువుకొను పిల్లవాడు పుస్తకము మూసి చెవులు మూసికొనును. వారిని కాగితమడిగినవారు లేరు, కాలమడిగినవారు లేరు. అనుమతి యడిగినవానికి ఆటంకము, అడుగనివానికి అభయము! ఇది యొక్క యూరి దోషము కాదు. ఒక్క అధికారి దోషమును కాదు. నిబంధన కాగితమున నుండి, కొలత వీధిలో లేకపోవుటచే గలిగిన వైపరీత్యమిది.

మేము నిబంధనలకు విరోధులము కాము. పాడువానికి పాడుట హక్కైనచో, అలసినవానికి నిద్ర హక్కు. ఈ రెంటిని పొసగించుటయే స్థానికపాలన ప్రయోజనము. ఒక హక్కును చంపి రెండవదానిని బ్రదికించుట పాలన యనిపించుకొనదు. రెండును చచ్చుచుండ చూచుచు నూరకుండుట అంతకంటెను కాదు.

సభలకు అనుమతి యను మాట ఈ ప్రాంతపు జనుల చెవులకు క్రొత్తది కాదు. 1935వ సంవత్సరమున సిరిసిల్లలో నాలుగవ ఆంధ్రమహాసభ శ్రీ మాడపాటి హనుమంతరావు పంతులుగారి అధ్యక్షతను జరిగినది. ఆ దినములలో నిజాము రాష్ట్రమున బహిరంగసభ జరుపవలెనన్న సర్కారువారి పూర్వానుజ్ఞ పొందవలెనని శాసించిన 53వ నెంబరు గస్తీ అమలునందుండెను. దానిని రద్దు చేయవలెననుట నాటి ఆంధ్రోద్యమపు ముఖ్యవాంఛలలో నొకటి. సభ జరుపుట హక్కు కాదు, సర్కారువారి దయ యను భావమే ఆ గస్తీకి ప్రాణము. దానిని మన తాతలు ప్రతిఘటించిరి.

తరువాత స్వరాజ్యము వచ్చినది. అయినను 1978 సెప్టెంబరు 7వ తేదీన జగిత్యాలలో వేలకొలది రైతుకూలీలు కూడి సభ జరుపగా, దానిని జైత్రయాత్రయని జనులు నేటికిని చెప్పుకొనుచుండగా, ఆ యేడే అక్టోబరు 20వ తేదీన నాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించెను. ఆ యుద్యమపు మంచిచెడ్డల విచారణ ఇచట మా విషయము కాదు. గుంపు కూడుటయే అనుమానమునకు తావైన కాలమును ఈ యూళ్లు చూచినవనియు, అందుచే అనుమతి యను మాటను ఇచటి అధికారులు ఇతరులకంటె ఎక్కువ జాగ్రత్తతో వాడవలసియున్నదనియు మాత్రమే మా మనవి.

ఇక ధర్మశాస్త్రమేమి చెప్పుచున్నదో చూతము. 1972వ సంవత్సరమున హిమత్‌లాల్ షా వ్యాజ్యములో సుప్రీముకోర్టువారు స్పష్టముగా తీర్పు చెప్పిరి. వీథులలో సభలను క్రమబద్ధము చేయు అధికారము ప్రభుత్వమునకు గలదు. కాని ఏ మార్గదర్శకమును లేక, అధికారి యిచ్చవచ్చినట్లు నిరాకరింప వీలిచ్చు నియమము చెల్లదు. 2005వ సంవత్సరము జూలైలో అదే న్యాయస్థానమువారు శబ్దకాలుష్యమును గూర్చి తీర్పు చెప్పుచు, మాటాడు స్వాతంత్ర్యము పేరిట ఇష్టములేని చెవిలోనికి ధ్వనిని బలవంతముగా చొప్పించు హక్కు ఎవ్వరికిని లేదనిరి. ఈ రెండు తీర్పులను ప్రక్కప్రక్కన నుంచి చదివినచో మన కర్తవ్యము తేటపడును. అధికారి పాటను ఆపరాదు. పాట ఇల్లు దాటి పొరుగువాని ప్రాణము తీయరాదు.

2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు ఈ విషయమున దేశమంతటికిని వర్తించుచున్నవి. నివాసప్రాంతములలో పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45 డెసిబెళ్లు మేర. వ్యాపారప్రాంతములలో 65, 55. రాత్రి యనగా పది గంటలు మొదలు ఉదయము ఆరు గంటల వరకు. మైకునకు వ్రాతపూర్వకమైన అనుమతి యుండి తీరవలెను. సభాస్థలపు సరిహద్దునొద్ద ధ్వని ఆ ప్రాంతపు మేరకంటె 10 డెసిబెళ్లు గాని, మొత్తము 75 డెసిబెళ్లు గాని, ఏది తక్కువయైన దానిని మించరాదు. అనగా ఇండ్లనడుమ పగటివేళ సభ జరిగినచో హద్దునొద్ద 65 మించరాదన్నమాట.

ఈ యంకెలు సామాన్యునకు అర్థము కావనుట తగదు. లెక్క సులభము. ధ్వని 10 డెసిబెళ్లు హెచ్చినచో దాని శక్తి పదిరెట్లు హెచ్చును. చెవికి సుమారు రెండింతలుగా తోచును. బయలున అడ్డు లేనిచోట, దూరము రెండింతలైన కొలది 6 డెసిబెళ్లు తగ్గును. పెట్టెకు పది మీటర్ల దూరమున 95 డెసిబెళ్లున్న ధ్వని, ఇరువది మీటర్లకు 89, నలుబదికి 83, ఎనుబదికి 77, నూటయరువదికి 71, మూడువందల యిరువది మీటర్లకు గాని 65 కాదు. మన యూళ్ల సందులలో మూడువందల యిరువది మీటర్ల బయలెక్కడిది? కావున సందులో పెద్ద బాక్సులు పెట్టిన క్షణముననే నిబంధన చెదరినదని చెప్పుటకు వాదప్రతివాదములక్కరలేదు, గజకొలబద్ద చాలును. ఒక మహా పెట్టెకు బదులు నాలుగు చిన్న పెట్టెలను శ్రోతలకు దగ్గరగా, నేలవైపు వంచి పెట్టినచో, వినువారికి పాట చక్కగా వినబడును, వినగోరనివారికి నిద్ర దక్కును. ఇది ఖర్చు మాట కాదు, శ్రద్ధ మాట.

ఇచట పాఠకులు గమనింపవలసిన విశేషమొకటి కలదు. మైకు గోల భరింపలేని పౌరుడు పురపాలక కార్యాలయమునకు పరుగెత్తును. కాని ఆ నిబంధనల ప్రకారము అధికారము జిల్లా మేజిస్ట్రేటునకును, పోలీసు కమిషనరునకును, డిప్యూటీ సూపరింటెండెంటునకు తక్కువ గాని అధికారికిని చెందినది. పురపాలక సంఘము చేతిలోనున్నది స్థలము; పోలీసు చేతిలోనున్నది ధ్వని. స్థలమిచ్చినవాడు ధ్వని నెరుగడు, ధ్వనికి సెలవిచ్చినవాడు స్థలమును చూడడు. ఈ రెండు చేతులు కలియనంతకాలము పౌరునకు గడపలు త్రొక్కుటయే మిగులును.

ఆసుపత్రుల విషయమున మరియొక చిక్కు. ఆసుపత్రి, పాఠశాల, న్యాయస్థానముల చుట్టు నూరు మీటర్లు నిశ్శబ్దప్రాంతమని మనమందరము వినియున్నాము. కాని 2017వ సంవత్సరపు సవరణచే, రాష్ట్రప్రభుత్వము ప్రకటించిననే గాని అట్టి ప్రాంతము నిశ్శబ్దప్రాంతము కానేరదు. జగిత్యాలకు 2022లోను, సిరిసిల్లకు 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చినవి. పల్లెలనుండి రోగులు వచ్చి చేరుచున్నారు. ఈ యూళ్ల ఆసుపత్రులలో ఏవేవి నిశ్శబ్దప్రాంతములుగా ప్రకటింపబడినవో, ఏవి కాలేదో ఆ జాబితాను పురపాలక సంఘమువారు తమ కార్యాలయపు గోడపై వ్రేలాడదీయుదురు గాక. ప్రకటన లేనిచోట తీర్మానము చేసి ప్రభుత్వమునకు పంపుదురు గాక. దీనికి కాసు ఖర్చు లేదు.

రాత్రి పదిగంటల నియమమున ఒక సడలింపు కలదు. సాంస్కృతిక, ధార్మికోత్సవముల సందర్భమున, సంవత్సరమునకు మొత్తము పదునైదు దినములు మించకుండ, రాత్రి పదినుండి పండ్రెండు గంటల వరకు రాష్ట్రప్రభుత్వము సెలవీయవచ్చును. ఆ దినములేవో ముందుగా ప్రకటింపవలెను. ఇప్పుడు లెక్క చూడుడు. వినాయకచవితి మొదలు నిమజ్జనము వరకు పదునొకండు దినములు. ఎంగిలిపూవు మొదలు సద్దుల వరకు బతుకమ్మ తొమ్మిది దినములు. మొత్తమిరువది. పదునైదు దినముల సంచిలో ఇరువది దినముల బియ్యము పట్టదు. ఇక ఒగ్గుకథకుడెక్కడ నిలుచును? చిందు భాగవతుడెక్కడ నిలుచును?

ఈ ప్రశ్న పరిహాసమునకు కాదు. వేములవాడ చెంతనున్న హనుమాజీపేట గ్రామము ఒక ప్రక్క డాక్టరు సి. నారాయణరెడ్డిగారిని, మరియొక ప్రక్క ఒగ్గుకథకు వన్నె తెచ్చిన మిద్దె రాములుగారిని ఈ దేశమున కిచ్చినది. రాత్రియంతయు డోలు మ్రోగుచుండ, మల్లన్న కథ నడుచుచుండ, జనులు తెల్లవారువరకు కూర్చుండి విన్న ప్రాంతమిది. 2010వ సంవత్సరపు సవరణచే రాత్రి నిషేధములోనికి మైకులేగాక, ధ్వని పుట్టించు వాద్యములును చేరినవి. అనగా కాగితము ప్రకారము ఒగ్గువాని డోలును, వేలవాట్ల బాక్సును ఒక్క గాటనే కట్టబడినవి. ఆచరణలో మాత్రము, పేదవాని డోలును ఆపుట సులభము, ధనికుని బాక్సును ఆపుట కష్టము. నిబంధన బలహీనునిపైననే పనిచేసినచో అది నిబంధన గాదు, వివక్ష.

పూర్వపురీతిగా తెల్లవారువరకు సాగవలెనని మేము కోరుట లేదు. కాలము మారినది, ఊరు పెరిగినది. కథను సాయంకాలము ఆరింటికి మొదలిడి పదింటికి ముగింపవచ్చును. మిగిలిన భాగమును మరునాటికుంచవచ్చును. అయినను సడలింపు దినములు పదునైదింటిలో రెండు మూడు దినములనైనను జానపద కళాప్రదర్శనములకు ప్రత్యేకించి ఏటేట ప్రకటింపుడని ప్రభుత్వమువారిని గట్టిగా కోరుచున్నాము. ఈ కళలను పొగడుచు శాలువలు కప్పుట కంటె, వారు నిలిచి పాడుటకు రెండు రాత్రులిచ్చుట మేలు.

బతుకమ్మను గూర్చి ఒక్కమాట. ఆ పండుగకు మైకక్కరలేదు, బాక్సక్కరలేదు. స్త్రీలు వలయముగా నిలిచి, చప్పట్లు చరచుచు, ఒకరు చెప్పగా పదుగురందుకొను పాటయే దాని జీవము. ఇపుడు బాక్సులలోనుండి వచ్చు పాట యెదుట మన యాడుపడుచుల గొంతులు మూగవోవుచున్నవి. అమ్మమ్మ నోట మనుమరాలికి రావలసిన పాట తెగిపోవుచున్నది. పొరుగువాని నిద్రకై కాకున్నను, మన పాట బ్రదుకుటకైనను ధ్వనికి హద్దుండవలెను.

సిరిసిల్ల స్థితి ఇంకొక విధము. అది మరమగ్గముల యూరు. ఊరివారి మాటలో సాంచెల యూరు. పగలు పనిచేయువారు కొందరు, రాత్రి పనిచేయువారు కొందరు. రాత్రియంతయు సాంచెల రొదలో నిలిచి, ఉదయమున ఇంటికి వచ్చి కన్నుమూయు నేతకార్మికునకు పగలే రాత్రి. చట్టము రాత్రి పదిగంటలకు మేల్కొనును. ఆ కార్మికుడు ఉదయము పదిగంటలకు నిద్రించును. కావున సిరిసిల్లలో కార్మికవాడల నడుమ పగటి మైకునకు సెలవిచ్చునపుడు అధికారులు గడియారమునే గాక కార్మికుని కన్నులను గూడ చూడవలెను. ఈ విషయము హైదరాబాదునుండి వచ్చిన ఉత్తరువులో నుండదు. ఊరెరిగిన పురపాలక సంఘమునకే తెలియును. స్థానికపాలన యనుట ఇందులకే.

ధ్వని యొక్కటియే చాలదు. జనరక్షణ కూడ కలదు. 2023 నవంబరు 25వ తేదీన కొచ్చిలోని విశ్వవిద్యాలయ ప్రాంగణమున ఆరుబయలు రంగస్థలమున సంగీతసభ జరుగ నుండగా, వాన కురిసి జనులొక్కసారి లోనికి త్రోసికొనివచ్చిరి. తొక్కిసలాటలో నలుగురు చనిపోయిరి. పాట వినవచ్చి పాడెనెక్కిరి. ద్వారములెన్ని, వాటి వెడల్పెంత, ఎందరు పట్టుదురు, వానవచ్చిన ఎటు పోవుదురు అను నాలుగు ప్రశ్నలను ముందుగా అడుగు అధికారి మనకు శత్రువు కాడు, మిత్రుడు. మేమడుగునదేమన, ఆ నాలుగు ప్రశ్నలే అడుగుమనియు, పాటలోని పదములను గాని, పాడువాని పక్షమును గాని అడుగవలదనియు.

ఇతర దేశములవారు ఈ చిక్కునెట్లు విప్పుకొనిరో చూచుట తప్పుకాదు. ఇంగ్లండు, వేల్సులలో 2012వ సంవత్సరమున నొక చట్టము చేసిరి. ఉదయము ఎనిమిది మొదలు రాత్రి పదకొండు వరకు, మైకు లేని సంగీతమునకు లైసెన్సే అక్కరలేదనిరి. కొన్ని విధములైన స్థలములలో, శ్రోతలు రెండువందలు మించని చిన్నకచేరీలకు మైకున్నను అక్కరలేదనిరి; 2015లో ఆ సంఖ్యను ఐదువందలకు పెంచిరి. చిన్నదానికి చిన్న నియమము, పెద్దదానికి పెద్ద నియమము అను సూత్రమిది. మనకో, హార్మోనియము పెట్టెకును, లారీనిండ బాక్సులకును అదే దరఖాస్తు, అవే గడపలు.

రాజ్యాంగపు 74వ సవరణ 1993 జూన్ నుండి అమలులోనికి వచ్చినది. దానిచే చేర్చబడిన పండ్రెండవ షెడ్యూలులో పురపాలక సంఘములకు అప్పగింపదగిన పనులు పదునెనిమిది గలవు. ఉద్యానములు, ఆటస్థలములు కల్పించుట పండ్రెండవది. సాంస్కృతిక, విద్యా, సౌందర్యవిషయముల నభివృద్ధిచేయుట పదమూడవది. అనగా పాటను అడ్డుకొనుటకే గాక, పాటను పోషించుటకును పురపాలక సంఘమున్నది. మురుగుకాలువ త్రవ్వించుట ఎంత విధియో, ఊరికొక పాటమైదానము చూపుట అంత విధి.

కావున మేము జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పురపాలక సంఘములకును, ఆయా జిల్లాల అధికారులకును ఈ క్రింది సూచనలు చేయుచున్నాము.

మొదటిది: ఊరికొక బహిరంగ రంగస్థలము. ఆసుపత్రికి దూరముగా, ఇండ్లకు వెన్నుగా, కనీసము రెండు వెడల్పైన దారులతో, దీపములతో, నీటితో, మరుగుదొడ్లతో దానిని నెలకొల్పవలెను. స్థలము ముందుగానే పరీక్షింపబడి యున్నచో ప్రతి సభకును క్రొత్త పరీక్ష లక్కరలేదు.

రెండవది: ఒక్క దరఖాస్తు, ఒక్క బల్ల. నియమములన్నియు తేటతెలుగున అచ్చువేసి గోడపై నంటింపవలెను. ఏడు దినములలో జవాబీయవలెను. నిరాకరించినచో కారణము వ్రాసి యీయవలెను. గడువు దాటియు పలుకకున్నచో మౌనము సమ్మతిగా నెంచబడవలెను.

మూడవది: బాక్సులు లేక, పగటివేళ, నూరిద్దరు జనుల నడుమ జరుగు భజనకు, హరికథకు, ఒగ్గుకథకు, పాటలగోష్ఠికి అనుమతియే వద్దు, సమాచారమిచ్చిన చాలును.

నాలుగవది: చెవికి బదులు యంత్రము. ప్రతి ఠాణాలోను ధ్వనిని కొలుచు సాధనముండవలెను. కొలిచిన యంకె వ్రాయవలెను. నాయకుని పుట్టినదినమైనను, పేదవాని పెండ్లియైనను, దేవుని ఊరేగింపైనను అంకె యొక్కటే. ఏ మతమువారికి, ఏ పక్షమువారికి వేరు కొలబద్ద లేదు.

ఐదవది: రుసుము సభకు తగినట్లుండవలెను. టిక్కెట్లమ్మి లక్షలార్జించు కచేరికిని, పళ్లెము పట్టి కూలి తెచ్చుకొను కళాకారునికిని ఒక్కటే రుసుము న్యాయము కాదు.

అధికారులకు చెప్పి ఊరకుండుట పత్రికాధర్మము కాదు. మన మాటయు కొంత గలదు. పొరుగువాని యింట బాక్సు మ్రోగినపుడు మనమందరము శాంతికాములము. మన బిడ్డ పెండ్లిలో మ్రోగినపుడు అది ముచ్చట. ఎదురింట జ్వరముతో మూల్గు ముసలమ్మ ఆనాడు మన కంటబడదు. ఏ పోలీసు ఆజ్ఞయు చేయలేని పనిని ఒక్క పెండ్లిపెద్ద చేయగలడు: పదిగంటలు కొట్టగానే లేచి, చాలించుడు నాయనలారా యని చెప్పగలడు. సభ జరుపువారును తమలో నొకని పేరు బాధ్యునిగా ప్రకటించి, చెప్పిన వేళకు దీపములార్పినచో, మరుసటి సభకు అనుమతి యడుగునపుడు వారి మాటకే విలువ గలుగును.

53వ గస్తీ పోయినది. కల్లోలితప్రాంత ప్రకటనల కాలమును గడచినది. కాని పౌరుడు చేతులు కట్టుకొని, అయ్యా పాడుకొందుమా యని గుమ్మమున నిలుచు అలవాటును, గుమ్మమున నిలిపి సంతసించు అధికారి యలవాటును ఇంకను పూర్తిగా పోలేదు. ఆ యలవాటు పోవుటకు మార్గము నియమమును త్రోసివేయుట కాదు. అందరికిని తెలిసిన, అందరికిని సమానమైన, కొలువ వీలైన నియమమును నిలుపుట. అట్టి నియమమున్ననాడు ఊరి మైదానమున పాట మ్రోగును. పదిగంటలకు ఊరు నిద్రించును. తెల్లవారి లేచిన నేతకార్మికుడు నిన్నటి పాటలోని చరణమొకటి కూనిరాగము తీయుచు సాంచె కడకు నడుచును. పురపాలక సంఘములు మూడును ఈ సంవత్సరమే ఈ పనికి పూనుకొనునని ఆశించుచున్నాము. పూనుకొననిచో అడుగవలసినవారు ఓటర్లు, అడుగుడు.